కాంగేర్ ఒడ్డున మింగేసిన మాట

ఆ ఉదయం కాంగేర్ నది ఒడ్డున, తెప్ప నడిపే దాదా నాతో మూడు మాటలు అన్నాడు. రాత్రి పైన కొండల్లో గట్టి వాన పడింది. నీళ్ళ రంగు నాకు నచ్చలేదు. నేనైతే ఈ రోజు తెప్ప దించను.

నేను వెనక్కి తిరిగి, చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని నిలబడ్డ భార్యాభర్తలకి ఒక్క మాటే చెప్పాను.

"నీళ్ళు కొంచెం జోరుగా ఉన్నాయంట పిన్నీ. గట్టిగా పట్టుకుని కూర్చోమంటన్నాడు."

ఇది జరిగి మూడేళ్ళు దాటింది. ఆ రోజు తెప్ప మీద ఉన్నవాళ్ళకి తప్ప ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. మా ఆయనకి చెప్పినప్పుడు కూడా ఈ మొదటి ముక్క వదిలేసి, నది పొంగిన దగ్గర్నుంచే మొదలుపెట్టాను.

అక్కడి మాట ఇక్కడికీ ఇక్కడి మాట అక్కడికీ చేరవేయడమే నా పని. మా నాన్న కిరండూల్ లైన్లో ఒక చిన్న స్టేషన్ దగ్గర కీమేన్. రోజూ పట్టాల వెంట మైళ్ళు నడిచి, వదులైన బిగింపులు సుత్తితో సరిచేసేవాడు. ఇంట్లో మాది విజయనగరం వైపు తెలుగు. బళ్ళో హిందీ. సంతలో అక్కడివాళ్ళ భాష హల్బీ. మా అమ్మకి హల్బీ ముక్క రాదు. చింతపండు గంప ముందు నన్ను ముందుకు తోసి "నువ్వడగవే" అనేది. అవతలి మనిషి విసుక్కుని ఏదైనా అంటే నేను దాన్ని మెత్తగా చేసి అమ్మకి చెప్పేదాన్ని. అమ్మ కోపంగా అన్నది నవ్వుతూ వాళ్ళకి చెప్పేదాన్ని. బేరం కుదిరేది. ఆ అలవాటు ఏడెనిమిదేళ్ళ వయసులోనే పట్టుకుంది.

పెళ్ళయి జగదల్‌పూర్ వచ్చాక అదే నాకు ఉపాధి అయింది. విశాఖ రైల్లో జలపాతాలు చూడడానికి వచ్చే తెలుగువాళ్ళు ఒకరి ద్వారా ఒకరు నా నంబరు పట్టుకుని ఫోన్ చేస్తారు. జీపు మాట్లాడి జలపాతాలకి, గుహకి తిప్పుతాను. చివర్లో అడవి మధ్య కాంగేర్ మీద వెదురు తెప్ప. అక్కడ తెప్పలు నడిపేది పక్క ఊరివాళ్ళే. లావుపాటి వెదుర్లు పక్కపక్కన కట్టి, మధ్యలో కూర్చోడానికి వెదురుతోనే బల్లలు చేసి, ముందొకడు వెనకొకడు నిలబడి, నది అడుగుకి గెడ వేసి నెడతారు. నది అక్కడ చెట్ల నీడలో ఆకుపచ్చగా, నిద్రపోతున్నట్టు ఉంటుంది. కింద వంపు దగ్గర ఒక ఏరుమద్ది చెట్టు నీళ్ళ మీదకి అడ్డంగా వాలి ఉంటుంది. అది కనబడగానే తెప్ప తిప్పేసి వెనక్కి నెట్టుకొస్తారు. ఆ చెట్టు దాటితే రాళ్ళు. రాళ్ళ మధ్య నది మెట్లు మెట్లుగా కిందికి దిగిపోతుంది.

దాదా ఆ గెడవాళ్ళందరిలో పెద్దవాడు. దాదా అంటే అన్నయ్య. ఊళ్ళో అందరూ అలాగే పిలుస్తారు కాబట్టి నేనూ అలాగే పిలిచేదాన్ని. ఆయన నన్ను "నోనీ" అనేవాడు, అమ్మాయీ అని. వాళ్ళ ఇంటి భాష ధుర్వా, అది నాకు రాదు. మేమిద్దరం హల్బీలో మాట్లాడుకునేవాళ్ళం. తక్కువ మాట్లాడే మనిషి. అందుకే ఆ ఉదయం వరసగా మూడు మాటలు అన్నాడంటేనే నేను ఆలోచించి ఉండాల్సింది.

ఎందుకు మింగేశానో ఇప్పుడు చాలా కారణాలు చెప్పగలను. బంగాళాఖాతంలో అల్పపీడనం వల్ల ఆ వారం రావలసినవాళ్ళు ఇద్దరు ముగ్గురు మానుకున్నారు. దీపావళి తర్వాత తెప్పలు మొదలై పది రోజులు కూడా కాలేదు. అంతకు ముందు వారం కూడా దాదా ఇలాగే వద్దన్నాడు, ఒక కుటుంబాన్ని వెనక్కి పంపేశాం, సాయంత్రానికి నది అద్దంలా ఉంది. ఆ ముసలాయనకి చాదస్తం ఎక్కువైందని నాకు లోపల ఒక అభిప్రాయం ఏర్పడింది. వీటన్నిటికంటే, ఆ పిన్ని.

ఆవిడకి అరవై దాటి ఉంటాయి. చిన్న మనిషి. ముందురోజు రైలు దిగిన దగ్గర్నుంచి తెప్ప గురించే అడుగుతోంది. జీపులో జలపాతం నుంచి తిరిగొస్తుంటే నా పక్కన కూర్చుని చెప్పింది. భర్త డీజిల్ షెడ్డులో ఫిట్టరు, రిటైరై రెండేళ్ళు. నలభయ్యేళ్ళ కాపురంలో ఇద్దరూ కలిసి ఊరికే చూడ్డానికని ఒక ఊరు వెళ్ళడం ఇదే మొదటిసారి.

"పెళ్ళిళ్ళకీ చావులకీ తప్ప ఎక్కడికెళ్ళేం తల్లీ. ఈ తెప్ప బొమ్మ ఫోన్లో చూసి నేనే అన్నాను, ఇదొక్కటీ ఎక్కుదుం అని. ఆయన ఎప్పుడూ లేంది సరే అన్నాడు."

ఆ మనిషికి, ఈ రోజు కుదరదంట అని నేను చెప్పలేకపోయాను. చెప్పలేకపోవడం వేరు, చెప్పకుండా నదిలోకి దించడం వేరు. ఆ తేడా ఆ ఒడ్డున నాకు తట్టలేదు.

దాదా ఇంకా గెడ చేతిలోకి తీసుకోలేదు. "చెప్పావా?" అని అడిగాడు.

"చెప్పాను దాదా. అయినా వెళ్దామంటున్నారు. వంపు దాకా వద్దు, సగం వెళ్ళి వచ్చేద్దాం."

ఆయన నా మాట మీద ఆగకుండా పిన్ని భర్త, ఆ బాబాయిగారి వైపు చూశాడు. నదిని చూపించి, చెయ్యి అడ్డంగా ఊపి, ముఖంతోనే అడిగాడు. బాబాయిగారు నవ్వుతూ తల ఊపాడు. ఒకసారి కాదు, రెండు మూడుసార్లు. దాదా ఊపిరి వదిలి గెడ తీసుకున్నాడు.

లైఫ్ జాకెట్లు తొడిగి, బిగింపులు నేనే సరిచూశాను. ఈలోగా పిన్ని నా మోచెయ్యి పట్టుకుని పక్కకి లాగింది.

"ఆయన చెవి మిషను తీసీసి నా సంచిలో పెట్టీసేడు, తడిస్తే పాడైపోద్దని. అది లేపోతే ఏటీ వినపడదు. నీకు చెప్పేనని మాత్రం అనకు. చెవిటోడని పదిమందికీ తెలియడం ఆయనకి గిట్టదు."

"ఫర్వాలేదు పిన్నీ, మనం ఉన్నాం కదా" అన్నాను.

ఆ సంగతి దాదాకి చెప్పలేదు. చెబితే ఆయన గెడ కింద పడేస్తాడని నాకు తెలుసు. అంటే ఆ పది నిమిషాల్లో అటు మాట ఇటు, ఇటు మాట అటు పోకుండా రెండువైపులా నేనే అడ్డం నిలబడ్డాను. మామూలుగా తెప్పకి ఇద్దరు గెడవాళ్ళు ఉండాలి. రెండో అతను చుట్టాల ఊరికి వెళ్ళాడు. అదీ నేను పట్టించుకోలేదు.

ముందు బల్ల మీద బాబాయిగారు, ఆయన వెనక పిన్ని, తర్వాత నేను, చివర దాదా. మొదటి కాసేపు నది నిజంగానే బాగుంది. మబ్బు పట్టి, చెట్ల కొమ్మలు రెండువైపుల నుంచీ కలుసుకుని, సొరంగంలో పోతున్నట్టు ఉంది. నీలం పిట్ట ఒకటి మాకంటే ముందు ఎగిరి కొమ్మ మీద వాలి, మేం దగ్గరకి రాగానే మళ్ళీ ఎగురుతోంది. పిన్ని చెయ్యి నీళ్ళలో పెట్టి తీసి మొహానికి రాసుకుంది. బాబాయిగారు ఫోన్‌తో అన్నీ తీస్తున్నాడు.

నాకు మొదట కనబడింది ఆకులు. ఎండుటాకులు ఎప్పుడూ ఉంటాయి. ఇవి పచ్చివి, కొమ్మలతో సహా తెగినవి, మాతో పాటే వస్తున్నాయి. తర్వాత పిడికెడు పిడికెడుగా తెల్లటి నురుగు. ఎప్పుడూ మేం నీళ్ళని దాటుకుంటూ వెళ్తాం. ఆ రోజు నీళ్ళే మమ్మల్ని దాటుకుంటూ పోతున్నాయి.

"నోనీ, గెడ అందడం లేదు" అన్నాడు దాదా వెనక నుంచి. గొంతు పెంచలేదు.

పిన్ని వెనక్కి తిరిగి, "ఏటంటన్నాడు?" అంది.

"ఇక్కడ లోతు ఎక్కువంట."

రెండోసారి. నాకు ఈత రాదు. అయినా నోట్లోంచి వచ్చింది ఆ నీళ్ళు కలిపిన మాటే.

దాదా తెప్పని ఒడ్డువైపు తిప్పడానికి చూశాడు. గెడ అందకపోతే దాన్నే తెడ్డులా వేయాలి. ఒక్కడి వల్ల కాలేదు. తెప్ప అడ్డం తిరిగింది. తిరిగిన తర్వాత ఇంక అది మా మాట వినలేదు. ముందు చెట్ల మధ్య వెలుతురు కనబడింది, వంపు. ఆ వాలిన ఏరుమద్ది ఎప్పుడూ మా తలల మీద రెండు మూర్ల ఎత్తున ఉండేది. ఇప్పుడు దాని కిందికొమ్మలు నీళ్ళని రాసుకుంటున్నాయి.

దాదా హల్బీలో అరిచాడు. నేను తెలుగులో అరిచాను. "వొంగోండి! పడుకోండి!"

పిన్ని బల్ల మీద బోర్లా పడింది. నేను ఆవిడ మీద పడ్డాను. బాబాయిగారు ఇంకా పక్కకి తిరిగి ఫోన్‌లో చూస్తున్నాడు. మా కదలికకి తెప్ప ఊగితే ఏమిటా అని సగం లేచాడు. కొమ్మ ఆయన భుజానికి తగిలింది. ఆయన అరవను కూడా లేదు. తలెత్తి చూసేసరికి ముందు బల్ల ఖాళీగా ఉంది.

తెప్ప వెనక భాగం చెట్టు వేళ్ళకి కొట్టుకుని, ముందుభాగం పైకి లేచి, అలాగే ఇరుక్కుపోయింది. దాదా పక్కనున్న తాడు వేళ్ళ చుట్టూ రెండు మెలికలు వేశాడు. అదంతా ఆయన ఎప్పుడు చేశాడో నేను చూడలేదు. నేను నారింజరంగు జాకెట్ కోసం వెతుకుతున్నాను. అది కిందికి కొట్టుకుపోయి, ఇరవై బారల దూరంలో నది మధ్యన ఒక నల్లరాయికి తగిలి ఆగింది. రెండు చేతులు పైకొచ్చి రాయిని కావలించుకున్నాయి. తల కనబడింది. మా వైపే చూస్తున్నాడు.

ఆ రాయికి అవతలి పక్క నది తెల్లగా విరిగి కిందికి దూకుతోంది. ఇవతలి పక్క, మా ఒడ్డుకి దగ్గరగా, ఒక సన్నటి పాయ నున్నగా జారుతూ పోతోంది.

దాదా వేళ్ళు పట్టుకుని ఒడ్డెక్కాడు. గెడ ఆయన చేతిలోనే ఉంది. కాసేపు రాయినే చూశాడు. తర్వాత నాకు చెప్పాడు. ఈసారి చాలా మాటలు, ఒక్కొక్కటీ విడివిడిగా.

"నీళ్ళు పెరుగుతున్నాయి. ఆ రాయి మునిగిపోతుంది. నేను కింద ఆ పాయ చివర నిలబడతాను. ఆయన వెల్లకిలా పడుకుని, కాళ్ళు ముందుకు పెట్టి, రాయి వదిలెయ్యాలి. ఈ పక్కకి వదలాలి. ఈదకూడదు. లేచి నిలబడకూడదు. అవతలి పక్కకి పోతే నేను అందుకోలేను. చెప్పు."

నేను అరిచాను. నది హోరులో నా గొంతు నాకే సరిగా వినబడలేదు. బాబాయిగారు నా వైపు చూసి తల ఊపాడు. బాగా అర్థమైనట్టు, రెండుసార్లు.

"ఊపుతున్నాడు పిన్నీ, అర్థమైంది" అన్నాను.

ఆవిడ నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే గోళ్ళు దిగాయి. "అర్థం కాలేదు. ఆయన వినపడనప్పుడే తలూపుతాడు."

ఒడ్డున దాదా అడిగినప్పుడు ఊపిన తల నాకు కళ్ళముందు కనబడింది.

"నాకు చెప్పు, నేను చెప్తాను" అంది పిన్ని. "ఇంట్లో మిషను తీసీసి తిరిగే మనిషితో చేతుల్తోనే కాపురం చేసేను. ఆ ముసలాయన ఏటన్నాడో అంతా చెప్పీ. ఒక్క ముక్క తగ్గించకు."

ఆవిడకి అప్పటికే ఏదైనా అనుమానం వచ్చిందో, ఊరికే అన్నదో నాకు తెలీదు. నేను అంతా చెప్పాను. రాయి మునిగిపోతుందన్న మాట దగ్గర నా నోరు దానంతటదే ఇంకో మాట వెతుక్కుంది. ఆపి, ఆ మాటే చెప్పాను.

పిన్ని కదల్లేదు. "వొదిలీమని నేను చెప్పను. ఈత రాని మనిషి. పట్టుకున్నదొక్కటే ఆధారం, అది వొదిలీమంటానా? ఊళ్ళోకెళ్ళి మనుషుల్ని పిలవమను. పెద్దతాడు తెమ్మను."

దాదాని అడిగాను. ఆయన రాయి వైపు చూస్తూనే జవాబిచ్చాడు. ఊరు అరగంట నడక. ఆ రాయికి అరగంట లేదు. నేను తిరిగి ఆవిడ మొహంలోకి చూసి అదే చెప్పాను. అంత చిన్న మాట చెప్పడానికి నాకు అంత కష్టం ఎప్పుడూ కాలేదు. ఆవిడ నా చెయ్యి వదిలేసింది. ఏడవలేదు.

దాదా అప్పటికే ఒడ్డు వెంట రాళ్ళ మీద దిగిపోతున్నాడు. పాయ చివర ఒక రాతిచట్టు మీద నడుంలోతు నీళ్ళలో నిలబడి, కాళ్ళు దన్నుపెట్టి, గెడ అడ్డంగా చాపాడు.

పిన్ని పైకి లేచి ఉన్న తెప్ప చివరికి పాకింది. నేను ఆవిడ జాకెట్ వెనక పట్టీ రెండు చేతులతో పట్టుకున్నాను. ఆవిడ ముందు నీళ్ళని చూపించింది. తర్వాత అరచేతిని నడుం దగ్గర పెట్టి, మెల్లగా గొంతు దాకా ఎత్తింది. బాబాయిగారు తల ఊపడం ఆపేశాడు. ఆయన తన చుట్టూ ఉన్న నీళ్ళని అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు.

తర్వాత ఆవిడ వాలుగా ఉన్న వెదుర్ల మీద వెల్లకిలా పడుకుంది. కాళ్ళు ఆయన వైపు చాపి, కాలివేళ్ళు పైకెత్తి చూపించింది. లేచి, కుడిచెయ్యి చాపింది. ఇటు, ఇటు అని. ఆయన మెడ తిప్పి తన కుడివైపు చూశాడు. అటు తెల్లటి నీళ్ళు. ఆయన ఆ పక్కకి ఒంగడం మొదలుపెట్టాడు.

"వొద్దు! అటు కాదు!" పిన్ని కేక పెట్టింది.

మాకు ఎదురుగా ఉన్న మనిషికి మా కుడి ఎడమ అవుతుందని ఇద్దరికీ తట్టలేదు. "పిన్నీ, పక్క చూపించకు. దాదాని చూపించు. ఆ గెడని చూపించు" అన్నాను. ఆవిడ రెండు చేతులతోనూ దాదాని చూపించింది. ఆగకుండా చూపిస్తూనే ఉంది. ఆయన వెతికి, చివరికి చూశాడు. దాదా గెడ ఒకసారి పైకెత్తి దించాడు. బాబాయిగారు రాయి పట్టుకునే ఇవతలి పక్కకి జరిగాడు. ఒక జానెడు, ఇంకో జానెడు.

ఇంక మిగిలింది ఒక్కటే. పిన్ని రెండు చేతులతో వెదురు గట్టిగా పట్టుకుంది, ఆయన రాయిని పట్టుకున్నట్టే. ఆయన చూస్తున్నాడని తెలిశాక రెండు చేతులూ ఒక్కసారి వదిలేసి, వెనక్కి పడిపోయి, చేతులు గుండెల మీద పెట్టుకుంది. ఆవిడ బరువంతా నా చేతుల్లోకి వచ్చింది. నా మోకాళ్ళు వెదురు కణుపుల మీద జారాయి.

ఆయన తల అడ్డంగా ఊపాడు. వద్దు అని.

రెండు రోజుల్లో ఆయన దేనికీ కాదనడం నేను చూడలేదు. అన్నిటికీ తలూపే మనిషి. ఆవిడ మళ్ళీ పట్టుకుంది, మళ్ళీ వదిలేసింది. ఆయన మళ్ళీ కాదన్నాడు. రాయి పైభాగం ఇందాక పీట అంత పొడిగా ఉండేది, ఇప్పుడు దాని మీదుగా పల్చగా నీళ్ళు పారుతున్నాయి. మూడోసారి ఆవిడ వదిలినప్పుడు లేవలేదు. అలాగే వెల్లకిలా పడి, ఆకాశంలోకి చూస్తూ, చేతులు గుండెల మీద పెట్టుకుని ఉండిపోయింది. నాతో మాత్రం అంది, "చూస్తన్నాడా?"

"చూస్తున్నాడు పిన్నీ."

"ఏటి చేస్తన్నాడు?"

"ఇంకా పట్టుకునే ఉన్నాడు."

"ఇప్పుడు?"

నేను జవాబు చెప్పేలోగా ఆయన వదిలేశాడు.

నారింజరంగు ఒక్కసారి మునిగింది. మళ్ళీ తేలింది. కాళ్ళు ముందుకే ఉన్నాయి. పాయ ఆయన్ని ఒక కర్రదుంగని లాగినట్టు లాక్కుపోయింది. దాదా గెడ ఆయన ఛాతీకి తగిలిన చప్పుడు నాకు వినబడిందనే అనిపిస్తుంది, అంత హోరులో వినబడే అవకాశం లేదు. దాదా ముందుకు తూలి, మోకాళ్ళ మీద పడి, ఒక చేత్తో జాకెట్ మెడ పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి ఒడ్డు రాళ్ళకి కొట్టుకున్నారు. ఇద్దరూ కదిలారు.

పిన్ని నా చేతుల్లోంచి ఎలా లేచిందో, ఆ వేళ్ళు పట్టుకుని ఎలా ఎక్కిందో నాకు గుర్తులేదు. నేను అక్కడికి చేరేసరికి ఆయన పక్కకి తిరిగి నీళ్ళు కక్కుతున్నాడు, ఆవిడ వీపు మీద కొడుతోంది. మెల్లగా కాదు, కోపంగా, పిల్లాడిని కొట్టినట్టు కొడుతోంది. దాదా కొంచెం దూరంలో రాయి మీద కూర్చుని తన అరచేతులు చూసుకుంటున్నాడు. గెడ తోలు లేపేసింది.

ఊళ్ళోకి నడిపించుకెళ్ళాం. దాదా భార్య పొయ్యి దగ్గర కూర్చోబెట్టి రాగిజావ ఇచ్చింది. బాబాయిగారికి ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముక దగ్గర నొప్పి. జీపులో జగదల్‌పూర్ తీసుకొచ్చాం. ఎక్స్‌రేలో ఒక ఎముక చిట్లిందని, కట్టు కట్టి, రెండు రోజులు ఉండమన్నారు.

ఆస్పత్రి వరండాలో బెంచీ మీద పిన్నికి చెప్పేశాను. దాదా పొద్దున్న అన్న మూడు మాటలూ అదే వరసలో. నేను దాదాకి చెప్పిన అబద్ధం కూడా. ఆవిడ చాలాసేపు ఎదురుగోడ మీద ఉన్న పోస్టర్‌నే చూసింది. నన్ను తిడితే బాగుండుననిపించింది.

"ఆయనకి చెప్పకు" అంది చివరికి. "నా కోసం వొచ్చేడు. నేను ఎక్కుదుం అన్నానని ఎక్కేడు."

"ఆయన అడిగితే చెప్తాను పిన్నీ. అడక్కపోతే చెప్పను."

ఆవిడ లేచి లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు నేను ఇడ్లీ పట్టుకెళ్ళినప్పుడు ఆయన చెవికి మిషను ఉంది. పిన్ని మందులకి వెళ్ళింది. ఆయన పెద్ద గొంతుతో అడిగాడు.

"ఆ తెప్పాయన నన్ను చెయ్యూపి ఏటో అడిగేడు, ఎక్కే ముందు. ఏటడిగేడు?"

చెప్పాను. నది బాగాలేదు, అయినా వెళ్తావా అని అడిగాడు. నేను మీకు చెప్పలేదు.

ఆయన దిండు మీద తల పక్కకి తిప్పుకున్నాడు. అటు తిరిగే అన్నాడు, "చెప్పుంటే ఆగిపోదునా? ఏమో. ఆవిడ మొహం చూసి ఎక్కీసీవోణ్ణేమో. కానీ నన్నడిగేడు కదా. ఆ మాట నాది. నాకివ్వాలి కదా నువ్వు."

తప్పయిపోయింది బాబాయిగారూ అని కూడా అనలేకపోయాను. ఆయన ఇడ్లీ తిన్నాడు, నొప్పికి ఆగి ఆగి. ఆ సాయంత్రం పిన్ని నాతో అవసరమైనంత వరకే మాట్లాడింది. రైలెక్కేటప్పుడు నా చెయ్యి పట్టుకుంది గానీ మళ్ళీ రమ్మనీ అనలేదు, వస్తామనీ అనలేదు. తర్వాత రెండుసార్లు ఫోన్ చేశాను. మొదటిసారి ఎత్తింది. ఎముక అతుక్కుందని చెప్పింది. రెండోసారి ఎత్తలేదు. నేనింక చెయ్యలేదు.

వారం తర్వాత దాదా దగ్గరికి వెళ్ళాను. ఇంటి ముందు నేల మీద కూర్చుని, ఆ తెప్ప విప్పేసి కొత్త వెదుర్లు చెక్కుతున్నాడు. అరచేతులకి గుడ్డలు చుట్టి ఉన్నాయి. నిలబడే చెప్పాను. వాళ్ళకి నీ మాట చెప్పలేదు. చెప్పానని నీకు అబద్ధం ఆడాను. ఆయనకి వినపడదని తెలిసీ నీకు చెప్పలేదు.

కత్తి ఆగలేదు. ఒక కణుపు పూర్తిగా చెక్కాక అన్నాడు.

"నువ్వు లేకపోతే నేను గెడ కింద పెట్టి కూర్చునేవాణ్ణి. వాళ్ళు నా మొహం చూసి, నది చూసి, వెళ్ళిపోయేవాళ్ళు."

అంతే. తిట్టలేదు. దాదా భార్య నీళ్ళు తెచ్చి ఇచ్చింది. తాగి వచ్చేశాను.

ఆ సీజనంతా ఆయన నేను తెచ్చినవాళ్ళని ఎక్కించుకోలేదు. వేరే గెడవాళ్ళు ఎక్కించుకునేవాళ్ళు. నేను ఒడ్డున నిలబడేదాన్ని. దాదా తెప్ప పక్కనుంచే పోయేది. నా వైపు చూసేవాడు, తల ఊపేవాడు, ఆగేవాడు కాదు. ఇంట్లో మా ఆయన, ఈ పని మానెయ్, ఏ బళ్ళోనైనా చేరు అన్నాడు. మానేద్దామనే అనుకున్నాను. మళ్ళీ ఎవరో ఫోన్ చేసేవాళ్ళు, శ్రీకాకుళం నుంచో పలాస నుంచో, మన మాట మాట్లాడే మనిషి అక్కడ ఉందంటగా అని. వద్దనలేకపోయేదాన్ని.

రెండో ఏడు తెప్పలు మొదలైనప్పుడు ఒక పెద్ద కుటుంబం వచ్చింది, తొమ్మిదిమంది. గెడవాళ్ళు చాలక దాదా కూడా రావలసి వచ్చింది. ఆయన వాళ్ళని వరసగా నిలబెట్టి, ఒక్కొక్కరి ముందుకీ వెళ్ళి, చెవి చూపించి, చేత్తో అడిగాడు, వినబడుతుందా అని. వాళ్ళు నవ్వారు. ఆయన నవ్వలేదు. అందరి దగ్గరా జవాబు తీసుకున్నాక నా వైపు తిరిగి హల్బీలో చెప్పడం మొదలుపెట్టాడు. నీళ్ళు ఎంత లోతు, ఎక్కడ ఒంగాలి, ఎవరు లేచి నిలబడినా తెప్ప ఒడ్డుకి తిప్పేస్తానని. నేను ఒక్కో మాటా ఆగి ఆగి తెలుగులో చెప్పాను. మధ్యలో ఆయన ఒకటి అన్నాడు, ఆ లావుపాటి ఆయన ఫోన్ జేబులో పెట్టకపోతే నేనే నీళ్ళలో పారేస్తాను అని.

ఆ లావుపాటి ఆయన ఆ కుటుంబానికి పెద్ద. ఖర్చంతా ఆయనదే. నా వైపు చూస్తూ నిలబడ్డాడు, ఏమన్నాడు అన్నట్టు.

చెప్పాను. ఆయన మొహం ఎర్రబడింది. ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

దాదా గెడ తీసుకుని తెప్ప ఎక్కాడు. నన్ను కూడా ఎక్కమని వెనక బల్ల చూపించాడు.